నిశ్చితార్థపు వజ్రపుటుంగరం

నిశ్చితార్థపు వజ్రపుటుంగరం అనగా పెళ్ళి నిశ్చయమైన సందర్భంలో వధూవరులు ఒకరికొకరు తొడిగే, వజ్రం పొదిగిన ఉంగరం. తెలుగులో దీనికి ప్రధానపుటుంగరం అనే పాత పేరు కూడా ఉన్నది. నిజామాబాదు పట్టణంలోను, బోధన్ చుట్టుపక్కల చెరకు పండిన గ్రామాలలోను బంగారం అలంకారం మాత్రమే కాదు, అవసరానికి కుదువ పెట్టుకొనే పొదుపు కూడా. వజ్రానికి ఈ రెండవ గుణం చాలా తక్కువ. అందువలన ఇక్కడ ఉంగరాన్ని ఎంపిక చేసేవారు లోహం విలువను, రాయి విలువను వేరువేరుగా లెక్కించుకోవడం అవసరం.

ప్రాంత నేపథ్యం

నిజామాబాదు పూర్వనామం ఇందూరు. మంజీరా నదిపై నిజాంసాగర్ జలాశయ నిర్మాణం 1931లో పూర్తయిన తరువాత బోధన్ ప్రాంతంలో చెరకు సాగు విస్తరించింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం స్థాపించబడినది. కర్మాగారం ఉన్న ప్రదేశానికి శక్కర్‌నగర్ అనే పేరు ఏర్పడింది. ఒకప్పుడు ఇది ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా పేరుపొందినది. 2002లో దీని యాజమాన్యంలో అధిక వాటా ప్రైవేటు సంస్థకు బదిలీ అయినది. డిసెంబరు 2015లో కర్మాగారం మూతపడింది. దానితో కార్మికులు జీతాలను, చుట్టుపక్కల రైతులు దగ్గరలోని కొనుగోలుదారును కోల్పోయారు. చాలామంది రైతులు వరి వంటి పంటలవైపు మళ్ళారు. జిల్లాలో పసుపు మరొక ముఖ్యమైన వాణిజ్య పంట. గల్ఫ్ దేశాలకు వెళ్ళి పనిచేసేవారి సంపాదన కూడా ఎన్నో కుటుంబాలకు ఆధారం.

ఇటువంటి ఆదాయాలు ప్రతినెలా ఒకే విధంగా రావు. పంట చేతికి వచ్చినపుడు బంగారం కొనడం, విత్తనాలకో వైద్యానికో డబ్బు అవసరమైనపుడు దానిని కుదువ పెట్టడం గ్రామీణ కుటుంబాలలో పాత అలవాటు. పెళ్ళి ఆభరణాల ఎంపికను ఈ దృష్టితో కూడా చూడవలసి ఉంటుంది.

ఆచారాలు

హిందూ కుటుంబాలలో పెళ్ళి నిశ్చయమైనపుడు తాంబూలాలు మార్చుకోవడం, పూలు పండ్లు పెట్టడం, లగ్నపత్రిక రాయించడం ప్రధానమైన తంతులు. వధువు తరఫువారు వరుడికి ఉంగరం పెట్టడం పాత పద్ధతి. వధూవరులిద్దరూ ఉంగరాలు మార్చుకోవడం ఇటీవలి దశాబ్దాలలో వ్యాపించింది. పెళ్ళి తరువాత నీళ్ళ బిందెలో ఉంగరం వేసి, వధూవరులచేత తీయించే వేడుక కూడా ఉన్నది. ముస్లిం కుటుంబాలలో నిశ్చితార్థాన్ని మంగ్ని అంటారు. క్రైస్తవులు ప్రధానం అంటారు. వారిలో ఉంగరం ఈ తంతులో ముఖ్యభాగం.

హిందూ వివాహంలో పుస్తెలకు, మెట్టెలకు ఉన్న స్థానం నిశ్చితార్థపు ఉంగరానికి లేదు. కనుక ఇందులో వజ్రమే ఉండాలనే నియమం ఏ సంప్రదాయంలోను లేదు. నవరత్నాలలో వజ్రం శుక్రగ్రహానికి చెందినదని, అది అందరికీ కలసిరాదని కొందరి నమ్మకం. అటువంటి నమ్మకం గల కుటుంబాలు కొనడానికి ముందే పెద్దలను సంప్రదించడం వాడుక.

చరిత్ర

18వ శతాబ్దం తొలినాళ్ళలో బ్రెజిల్‌లో గనులు బయటపడేవరకు ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా భారతదేశం నుండే లభించేవి. కృష్ణానది ఒడ్డున ఉన్న కొల్లూరు, పరిటాల గనుల రాళ్ళు గోల్కొండ వజ్రాలుగా ప్రసిద్ధి చెందినవి. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కొల్లూరు గనిలో సుమారు 60,000 మంది పనిచేస్తున్నట్లు వ్రాశాడు. నిజాం ఆభరణాలలోని ప్రసిద్ధమైన జాకబ్ వజ్రం మాత్రం దక్షిణాఫ్రికాకు చెందినది. దీని బరువు సుమారు 184.75 క్యారెట్లు. ఈ ఆభరణాలను భారత ప్రభుత్వం 1995లో కొనుగోలు చేసింది.

నిశ్చితార్థానికి వజ్రపుటుంగరం ఇచ్చే ఆచారం ఐరోపాకు చెందినది. 1477లో ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమిలియన్ బర్గండీకి చెందిన మేరీకి ఇచ్చిన ఉంగరాన్ని తొలి ఉదాహరణలలో ఒకటిగా చెబుతారు. దక్షిణాఫ్రికా గనుల తరువాత వజ్రాల లభ్యత పెరిగింది. 1947లో డి బీర్స్ సంస్థ ప్రారంభించిన, వజ్రం శాశ్వతమైనదనే ప్రకటన ఈ ఆచారాన్ని సామాన్య కుటుంబాలలోకి తీసుకొని వచ్చింది. అంటే ఈ ఆచారం విస్తరించడంలో వ్యాపార ప్రచారానికి పెద్ద పాత్ర ఉన్నది.

వజ్రం నాణ్యత

వజ్రం నాణ్యతను నాలుగు లక్షణాలతో లెక్కిస్తారు. అమెరికాలోని జి.ఐ.ఏ. సంస్థ 20వ శతాబ్దం మధ్యకాలంలో రూపొందించిన ఈ పద్ధతి నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది.

బరువు: వజ్రపు బరువును క్యారెట్లలో కొలుస్తారు. ఒక క్యారెట్ 200 మిల్లీగ్రాములకు సమానం. దీనిలో నూరవ భాగం ఒక సెంటు. బంగారం స్వచ్ఛతను తెలిపే క్యారెట్ వేరు, ఈ క్యారెట్ వేరు. గుండ్రంగా కోసిన ఒక క్యారెట్ రాయి వ్యాసం సుమారు 6.5 మిల్లీమీటర్లు, 30 సెంట్ల రాయి వ్యాసం సుమారు 4.3 మిల్లీమీటర్లు ఉంటాయి. రాయి పెద్దదయ్యేకొద్దీ క్యారెట్ ఒక్కింటికి ధర కూడా పెరుగుతుంది. అందువలన ఒక క్యారెట్ ఒంటిరాయి కంటే, అదే నాణ్యత గల పది సెంట్ల రవ్వలు పది చాలా తక్కువ ధరకు లభిస్తాయి. సరిగ్గా ఒక క్యారెట్ ఉన్న రాయి కంటే 95 సెంట్ల రాయి చౌక. కంటికి వాటి మధ్య భేదం దాదాపు కనిపించదు.

కోత: వజ్రం మెరుపు ముఖ్యంగా కోతపై ఆధారపడి ఉంటుంది. గుండ్రని కోతలో 57 లేక 58 ముఖాలు ఉంటాయి. దీని కొలతలను 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ గణితపరంగా వివరించాడు. కోత లోతు ఎక్కువైనా తక్కువైనా కాంతి పైకి రాకుండా పక్కలకు, అడుగుకు పోతుంది. పరిమితమైన డబ్బుతో కొనేవారు పరిమాణాన్ని తగ్గించుకొని అయినా మంచి కోతను ఎంచుకోవడం ఉచితం.

వర్ణం: రంగు లేని రాయికి డి అనే శ్రేణి, పసుపు ఛాయ పెరిగేకొద్దీ జడ్ వరకు శ్రేణులు ఇస్తారు. పసుపుపచ్చని బంగారంలో పొదిగినపుడు ఐ, జె శ్రేణుల లేత ఛాయ అంతగా కనిపించదు. తెల్ల బంగారంలో, ప్లాటినంలో అది తేలికగా తెలుస్తుంది.

స్వచ్ఛత: రాయిలోని మచ్చలను, పగుళ్ళను పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో పరిశీలిస్తారు. ఎఫ్.ఎల్., ఐ.ఎఫ్., వి.వి.ఎస్., వి.ఎస్., ఎస్.ఐ., ఐ అనేవి వరుసగా తగ్గే శ్రేణులు. ప్రాచీన రత్నశాస్త్రాలు కూడా బిందువు, రేఖ, కాకపాదం మొదలైన దోషాలను పేర్కొన్నాయి. వి.ఎస్. శ్రేణి రాళ్ళలోని దోషాలు సాధారణంగా కంటికి కనిపించవు. కాబట్టి అంతకుమించిన శ్రేణికి చెల్లించే అదనపు ధర కంటికి కాక కాగితానికి చెల్లించేదే అవుతుంది.

సహజ వజ్రాలు, ప్రయోగశాల వజ్రాలు

అధిక పీడనం, అధిక ఉష్ణోగ్రత పద్ధతిలోను, వాయువు నుండి పొరలుగా పెంచే సి.వి.డి. పద్ధతిలోను ప్రయోగశాలలలో వజ్రాలు తయారవుతున్నాయి. ఇవి నకిలీవి కావు. రసాయనికంగాను, కాఠిన్యంలోను సహజ వజ్రంతో సమానమైనవి. ఉత్పత్తి పెరిగినందున వీటి ధర బాగా పడిపోయింది. సూరత్ నగరం సహజ వజ్రాల సానకు ప్రపంచంలోనే ప్రధాన కేంద్రం కాగా, ఈ వజ్రాల తయారీలో కూడా పేరుపొందినది.

క్యూబిక్ జిర్కోనియా, మొయిసనైట్ మాత్రం వేరే పదార్థాలు. వేడిని కొలిచే చిన్న పరీక్ష యంత్రాన్ని మొయిసనైట్ మోసగించగలదు. ప్రయోగశాల వజ్రం కూడా వజ్రమే గనుక ఆ యంత్రం దానిని సహజ వజ్రం నుండి వేరు చేయలేదు. ఊపిరి ఊది చూడడం, వార్తాపత్రిక అక్షరాలపై పెట్టి చూడడం నమ్మదగిన పరీక్షలు కావు. ప్రయోగశాల ధ్రువపత్రం, రాయి నడుము అంచుపై లేజరుతో చెక్కిన సంఖ్య ఒకటేనని భూతద్దంతో సరిచూడడం మేలైన పద్ధతి. ఉంగరంలోని చిన్న రవ్వలకు సాధారణంగా విడివిడి ధ్రువపత్రాలు ఉండవు. రాయి సహజమైనదో, ప్రయోగశాలలో తయారైనదో బిల్లుపై స్పష్టంగా వ్రాయించుకోవాలి.

బంగారం, హాల్‌మార్కు

22 క్యారెట్ల బంగారం మెత్తనిది కనుక వజ్రపుటుంగరాలను ఎక్కువగా 18 క్యారెట్ల బంగారంతో చేస్తారు. దీనిలో 75 శాతం బంగారం, 22 క్యారెట్లలో సుమారు 91.6 శాతం బంగారం ఉంటాయి. వీటికి గుర్తులు వరుసగా 750, 916. పూర్వం అవుసులవారు గీటురాయిపై వన్నె చూసి చెప్పేవారు. 16 జూన్ 2021 నుండి హాల్‌మార్కు దశలవారీగా జిల్లాలలో తప్పనిసరి చేయబడినది. 1 ఏప్రిల్ 2023 నుండి హాల్‌మార్కు తప్పనిసరైన ఆభరణాలపై ఆరు అక్షరాంకెల హెచ్.యు.ఐ.డి. ఉండాలి. ఈ సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ అనే మొబైల్ అప్లికేషనులో సరిచూసుకోవచ్చు. 2 గ్రాముల లోపు బరువు గల ఆభరణాలకు మినహాయింపు కలదు. కనుక అతి తేలికైన ఉంగరం కొనేవారు ఈ విషయం ముందే అడగాలి. గల్ఫ్ నుండి తెచ్చిన ఆభరణాలపై సాధారణంగా అక్కడి ముద్రలే ఉంటాయి.

హాల్‌మార్కు బంగారానికి మాత్రమే హామీ. వజ్రం నాణ్యతను గురించి అది ఏమీ చెప్పదు. స్వచ్ఛత ముద్రించిన దానికంటే తక్కువని తేలితే, ఆ కొరత విలువకు రెండింతలు, పరీక్ష రుసుము పరిహారంగా పొందే నిబంధన 2018 నాటి బి.ఐ.ఎస్. నియమాలలో ఉన్నది.

బిల్లు, తిరుగు విలువ

బిల్లులో ఉంగరం మొత్తం బరువు, నికరపు బంగారం బరువు, రాయి బరువు, రాయి ధర, మజూరీ, తరుగు, 3 శాతం జి.ఎస్.టి. విడివిడిగా ఉండాలి. ఉదాహరణకు 5 గ్రాముల ఉంగరంలో 30 సెంట్ల వజ్రం ఉంటే రాయి బరువు 0.06 గ్రాములు, బంగారం 4.94 గ్రాములు. అది 18 క్యారెట్లదైతే అందులోని మేలిమి బంగారం సుమారు 3.7 గ్రాములు మాత్రమే. అంతే బరువు గల 22 క్యారెట్ల రాయి లేని ఉంగరంలో సుమారు 4.6 గ్రాములు ఉంటుంది.

బంగారు రుణం ఇచ్చే బ్యాంకులు రాళ్ళను మినహాయించి, నికరపు బంగారానికే విలువ కడతాయి. అంటే ఉంగరం ధరలో పెద్దభాగం వజ్రానిదే అయినా, కుదువ పెట్టే రోజున ఆ భాగానికి విలువ రాదు. తిరిగి అమ్మినపుడు మజూరీ, పన్ను పోతాయి. వజ్రానికి దుకాణాన్ని బట్టి తగ్గింపు ఉంటుంది. ప్రయోగశాల వజ్రానికి తిరుగు విలువ మరీ తక్కువ. తిరిగి కొనే షరతులను నోటిమాటగా కాక కాగితంపై తీసుకోవడం మంచిది.

ఈ కారణంగా పెళ్ళి ఖర్చును రెండు పద్దులుగా విభజించుకోవడం ఉపయోగకరం. పొదుపు కోసం ఉద్దేశించిన సొమ్మును రాయి లేని 22 క్యారెట్ల ఆభరణాలకు, ముచ్చట కోసం ఉద్దేశించిన సొమ్మును వజ్రపుటుంగరానికి కేటాయించాలి. రెండవ పద్దు చిన్నదైతే రవ్వల ఉంగరం గాని, ప్రయోగశాల వజ్రం గాని సరిపోతుంది. ఉంగరం కోసం అప్పు చేస్తే, ఆ అప్పు తీర్చడానికి ఉంగరం అక్కరకు రాదు.

చట్టపరమైన అంశాలు

పెళ్ళి సంబంధంగా వజ్రపుటుంగరాన్ని గాని, మరే ఆభరణాన్ని గాని ఇవ్వాలని అడగడం 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం నేరం. వధువుకు ఇచ్చిన ఆభరణాలు ఆమె స్త్రీధనం. వాటిని భర్త గాని, అత్తింటివారు గాని సొంతం చేసుకోరాదని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో తీర్పు చెప్పింది. బిల్లును, ధ్రువపత్రాన్ని ఆమె దగ్గర ఉంచడం ఉచితం.

కొలత, సంరక్షణ

వేలి లావు వేడికి పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. కనుక దుకాణంలోని కొలత రింగులతో సాయంత్రం వేళ కొలత తీసుకోవడం మేలు. పొలం పని, వంటపని చేసేవారికి ఎత్తైన కొక్కేలలో నిలిపిన రాయి బట్టలకు, గడ్డికి తగులుకుంటుంది. రాయి చుట్టూ బంగారపు అంచు ఉండే అమరిక వారికి అనువైనది. కొక్కేలు వదులయ్యాయేమో ఏడాదికి ఒకసారి చూపించుకోవాలి.

వజ్రం నీటిని అంటనీయదు గాని జిడ్డును ఆకర్షిస్తుంది. నలుగు, పసుపు, నూనె, మెహందీ తగిలితే మెరుపు తగ్గుతుంది. అందువలన నిశ్చితార్థానికి, పెళ్ళికి మధ్య జరిగే వేడుకలలో ఉంగరం తీసి ఉంచాలి. గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టి మెత్తని బ్రష్షుతో రుద్దితే మెరుపు తిరిగి వస్తుంది. వజ్రం అత్యంత కఠినమైనదైనా గట్టి దెబ్బ తగిలితే చిట్లగలదు. ఇతర ఆభరణాలను గీరగలదు గనుక దీనిని విడిగా భద్రపరచాలి.

ఇవి కూడా చూడండి

వజ్రం
గోల్కొండ
బోధన్
నిజాంసాగర్
స్త్రీధనం