నేలపట్టు చెరువు: రక్షణ బాధ్యత, స్థానిక పాలన – చారిత్రక పరిశీలన

కీలకపదాలు: దొరవారిసత్రం, నేలపట్టు, పులికాట్, పంచాయతీ, జీవవైవిధ్యం, ఆచార రక్షణ.

ఉపోద్ఘాతం:

దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు పక్షుల రక్షితకేంద్రం గూడబాతుల సంతానోత్పత్తికి ప్రసిద్ధి పొందింది. దీని విస్తీర్ణం 458.92 హెక్టార్లు. ఇందులో చెరువుతో పాటు ఎండు సతతహరిత అరణ్యం కూడా ఉంది. అక్టోబరు నుండి మార్చి వరకు చెరువులోని నీటి కడప చెట్లపై గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు గూళ్లు కడతాయి. సమీపంలోని పులికాట్ సరస్సు వీటికి మేత భూమి. ఈ ఆవాసాన్ని కాపాడే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు చరిత్ర ఇచ్చిన సమాధానాలను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

వేడంతాంగల్ పూర్వోదాహరణ:

పూర్వపు మద్రాసు రాజధానిలో ఇటువంటి చెరువుకు తొలి లిఖితపూర్వక రక్షణ చెంగల్పట్టు ప్రాంతంలోని వేడంతాంగల్‌లో లభించింది. పక్షులను కాల్చడంపై గ్రామస్థులు చేసిన ఫిర్యాదు మేరకు 1798లో కలెక్టర్ లియొనెల్ ప్లేస్ వారి హక్కును గుర్తించాడు. 1858లో ఆ గుర్తింపు పునరుద్ధరింపబడింది. పక్షుల రెట్ట కలిసిన నీరు పొలాలకు ఎరువు కావడమే రైతుల ఆసక్తికి మూలం. నేలపట్టు రైతులకూ ఈ అనుభవం ఉంది. అయితే వేడంతాంగల్‌లో వలె ఇక్కడ ఆ బంధం పత్రరూపం దాల్చలేదు.

స్థానిక సంస్థలు – చెరువులు:

రిపన్ 1882 తీర్మానం తర్వాత వచ్చిన 1884 మద్రాసు స్థానిక బోర్డుల చట్టం రహదారులు, పాఠశాలలు, వైద్యశాలలు, సత్రాలను స్థానిక బోర్డుల పరిధిలో ఉంచింది. సాగునీటి చెరువులు మాత్రం ప్రధానంగా రెవెన్యూ, ప్రజాపనుల శాఖల చేతిలోనే మిగిలాయి. సత్రం పేరును మోస్తున్న ఈ ప్రాంతంలో బాటసారి ఆశ్రయం స్థానిక పాలనాంశమైంది. పక్షి ఆశ్రయం కాలేదు.

1976లో నేలపట్టు, పులికాట్ రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షితకేంద్రాలయ్యాయి. ఈ చట్టం ప్రకారం కలెక్టర్ ఆ భూమిపై ఎవరికి ఏ హక్కులున్నాయో విచారించాలి. అంటే, గ్రామం ఇక్కడి నుండి ఏమి తీసుకుంటున్నదని చట్టం అడుగుతుంది. ఏమి కాపాడుతున్నదని అడగదు. మేతకు, చేపలకు, నీటికి లెక్క ఉన్నది గాని కావలికి లెక్క లేదు. గ్రామస్థుని హక్కుదారుగా చూసిన చట్టం రక్షకునిగా చూడలేకపోయింది.

తరువాతి సవరణలు:

73వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన పదకొండవ షెడ్యూలు 29 అంశాలలో చిన్నతరహా నీటిపారుదల, మత్స్యపరిశ్రమ, సామాజిక అడవులు, సామూహిక ఆస్తుల నిర్వహణ ఉన్నాయి. వన్యప్రాణి చట్టానికి చేసిన 2002 సవరణ రక్షితకేంద్ర సలహా సంఘంలో పంచాయతీరాజ్ సంస్థల ప్రతినిధులు ముగ్గురికి చోటిచ్చింది. అదే ఏడాది వచ్చిన జీవవైవిధ్య చట్టం 41వ సెక్షను ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య నిర్వహణ సంఘాన్ని విధించి, ఆవాసాల పరిరక్షణను దాని కర్తవ్యాలలో చేర్చింది. ఈ విధంగా 1798లో ఒక కలెక్టరు గుర్తించిన గ్రామ పాత్ర రెండు శతాబ్దాల తర్వాత శాసనభాషలోకి వచ్చింది. కానీ సలహా చెప్పడం వేరు, నిర్ణయించడం వేరు.

ముగింపు:

గూడు కట్టే కాలమూ, పైరుకు నీరు కావలసిన కాలమూ ఒకటే. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎంత నీరు నిలపాలి అన్న నిర్ణయంలోనే పక్షి, రైతు ప్రయోజనాలు ఎదురుపడతాయి. అటవీశాఖ చెట్టును కాపాడగలదు. ఆయకట్టు రైతు సమ్మతి లేనిదే చెట్టు కింది నీటిని నిలపడం కష్టం. కనుక నేలపట్టు చరిత్రను 1976తో మొదలుపెట్టడం అసమగ్రం. గ్రామసభ తీర్మానాలు, చెరువు రికార్డులు, వృద్ధుల మౌఖిక కథనాలు సేకరించి, ఆచార రక్షణను నమోదు చేయవలసిన బాధ్యత పరిశోధకులపై ఉంది. నమోదు కాని కావలిని చట్టం గుర్తించలేదు. గుర్తింపు లేని కావలి తరువాతి తరానికి అందదు.