ఎంపీసీకీ బైపీసీకీ నడుమ గోడ

1905లో కుంభకోణం కుర్రాడొకడు ఇంట్లో చెప్పాపెట్టకుండా విశాఖపట్నం పారిపోయి వచ్చాడు. పదిహేడేళ్లు. లెక్కల పిచ్చిలో పడి ఇంగ్లీషు తప్పాడు, కాలేజీలో స్కాలర్‌షిప్ పోయింది. మరుసటేడు మద్రాసులోని పచ్చయ్యప్ప కాలేజీలో చేరి మళ్లీ ఎఫ్‌ఏకి కూర్చున్నాడు. ఈసారి శరీరధర్మశాస్త్రం ముంచింది. జీర్ణక్రియ గురించి రాయమంటే అతనికి ఒంటబట్టేది కాదు. 1906లో తప్పాడు, 1907లో మళ్లీ తప్పాడు. ఆ కుర్రాడు శ్రీనివాస రామానుజన్. తర్వాత కేంబ్రిడ్జి పిలిచి డిగ్రీ ఇచ్చింది గానీ, ఎఫ్‌ఏ మాత్రం ఆయన ఎన్నడూ పాసవలేదు.

ఎఫ్‌ఏ అంటే ఫస్ట్ ఆర్ట్స్. మెట్రిక్యులేషన్‌కీ బీఏకీ మధ్య చదువు. 1857లో పుట్టిన మద్రాసు విశ్వవిద్యాలయం మన కోస్తా, రాయలసీమ పిల్లలకు కూడా పరీక్షలు పెట్టేది. అందులో ఇప్పటి గ్రూపుల్లాంటివి లేవు. ఇంగ్లీషు, సంస్కృతం, గణితం, గ్రీకు రోమన్ల చరిత్ర, శరీరధర్మశాస్త్రం అన్నీ రామానుజన్ విస్తట్లో పడ్డాయి. ఒక్కటి మింగుడుపడకపోయినా మొత్తం పోయినట్టే.

1904 విశ్వవిద్యాలయాల చట్టం తర్వాత పాత నిబంధనలు మారాయి. 1910 ప్రాంతంలో ఎఫ్‌ఏ పోయి ఇంటర్మీడియెట్ వచ్చింది, దాంతోపాటే గ్రూపులూ వచ్చాయి. లెక్కలవాళ్లు ఒక పక్క, ప్రకృతి శాస్త్రాలవాళ్లు ఒక పక్క. లెక్కలొచ్చినవాణ్ణి ఎముకల పేర్లు చెప్పమని వేధించడం మానేశారన్నమాట. అప్పటికది పెద్ద ఊరటే. తర్వాత గోడగా మారిన ఏర్పాటు తలుపు తీసినట్టే మొదలైంది.

నిజాం రాజ్యంలో కథ వేరు. 1918లో ఏర్పడ్డ ఉస్మానియాలో సైన్సు సైతం ఉర్దూలోనే చెప్పాలని పట్టుబట్టారు. అందుకోసం ముందే ఒక అనువాద సంస్థను పెట్టి పుస్తకాలు తర్జుమా చేయించారు. 1919లో ఇంటర్మీడియెట్ తరగతులు మొదలయ్యాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే కుర్రాడు రసాయనశాస్త్రం ఉర్దూలో వల్లెవేసేవాడు.

స్వాతంత్ర్యం వచ్చాక ఇంటర్ మీద వేటు పడింది. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియార్ కమిషన్ ఈ అంచె అక్కర్లేదంది. 1950ల ద్వితీయార్ధంలో పీయూసీ వచ్చింది. ప్రీ యూనివర్సిటీ కోర్సు, ఒక్కటే సంవత్సరం. ఎస్సెస్సెల్సీ పల్లెటూళ్లో తెలుగులో చదివి, పట్నం వచ్చి హాస్టల్లో ట్రంకుపెట్టె దించుకుని, ఇంగ్లీషు పాఠం చెవికెక్కేలోగా పరీక్షలొచ్చేవి. మన తాతల తరంలో పీయూసీ తప్పినవాళ్లు అంతమంది ఉన్నది తెలివి తక్కువై కాదు, వ్యవధి చాలక.

కొఠారీ కమిషన్ నివేదిక వచ్చాక 1969లో ఆంధ్రప్రదేశ్ మళ్లీ రెండేళ్ల ఇంటర్మీడియెట్‌కి మళ్లింది. అదే ఏడు తెలంగాణ విద్యార్థి ఉద్యమం. చాలామందికి చదువు ఏడాది వెనకబడింది. 1971లో ఇంటర్ బోర్డు ఏర్పాటైంది. పదో తరగతి తర్వాత ఎంపీసీ, బైపీసీ అన్న మాటలు ఇంటింటా పాతుకున్నది ఈ కాలంలోనే.

అంతకంటే పెద్ద సంగతి మరొకటి జరిగింది. 1968లో తెలుగు అకాడమీ పుట్టింది. పి.వి.నరసింహారావు తొలి అధ్యక్షుడు. ఇంటర్ పుస్తకాలు తెలుగులో రావాలంటే ముందు మాటలు కావాలి. త్వరణం, ద్రవ్యవేగం, సదిశలు, మాత్రికలు, అవకలనం, సమాకలనం, పరావలయం, కిరణజన్య సంయోగక్రియ. 'అతిపరావలయం' అనగానే జడుసుకునేవాళ్లున్నారు. 'హైపర్‌బోలా' అంటే మాత్రం ఏం అర్థమైంది గనక! ఆ పలచటి అట్టల పుస్తకాలు చదివే ఊళ్లలోంచి డాక్టర్లూ ఇంజనీర్లూ వచ్చారు. అకాడమీకి దక్కాల్సినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం.

చాలా ఏళ్లు నడిచిన మార్కుల లెక్క చూడండి. ఎంపీసీకి మొదటి ఏడు 470, రెండో ఏడు 530. బైపీసీకి 440, 560. ఎటు కూడినా వెయ్యి. తేడా ఎక్కడంటే, లెక్కలవాళ్లకు ఏడాదికి 75 మార్కుల పేపర్లు రెండు. బైపీసీవాళ్లకు బోటనీ, జువాలజీ అరవయ్యేసి. ఒక్కో ప్రాక్టికల్‌కి 30. ఎంపీసీకి అవి రెండు, బైపీసీకి నాలుగు. రెండో భాషకు ఏటా వంద, చాలామందికి అది మార్కులు రాల్చే సంస్కృతమే. సాల్ట్ అనాలిసిస్‌లో గోధుమరంగు వలయం కోసం పరీక్షనాళికను ఊపిరి బిగబట్టి చూసినవాళ్లకు ఆ 30 మార్కుల విలువ తెలుసు.

1986లో ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్లకు ప్రవేశపరీక్షగా ఎంసెట్ వచ్చింది. దాంతో గ్రూపు చదువుగా కాక లక్ష్యంగా మారిపోయింది. ఎంపీసీ అంటే ఇంజనీరు, బైపీసీ అంటే డాక్టరు. లెక్కలు, జంతుశాస్త్రం రెండూ ఇష్టమైన పిల్లకు రెండింట్లో ఒకదాన్ని పదిహేనో ఏటే వదిలెయ్యమన్నారు. ఇదేమీ ప్రకృతి నియమం కాదు. సరిహద్దు దాటి కర్ణాటకలో అడుగుపెడితే అక్కడి పీయూసీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ నాలుగూ కలిపి చదువుతారు. తమిళనాడు ప్లస్ టూలోనూ అంతే. మనకే ఎందుకో ఈ పట్టింపు! జన్యుశాస్త్రానికి గణాంకాలు కావాలి, వైద్యంలో స్కానింగ్ యంత్రం వెనక ఉన్నదంతా లెక్కలే.

2023 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ ఈ గోడకు మొదటి గునపం వేసింది. పన్నెండో తరగతిలో బయాలజీ చదవనివాళ్లు దాన్ని విడిగా అదనపు సబ్జెక్టుగా పాసైనా నీట్ రాయొచ్చంది. 2025-26 నుంచి ఆంధ్రప్రదేశ్ ఇంటర్‌లో లెక్కలూ బయాలజీ రెండూ ఉండే ఎంబైపీసీ అన్న గ్రూపు కూడా వచ్చింది. భారం ఎక్కువే, అందరికీ కాదు. కానీ కోరుకునేవాళ్లకు దారి ఉండాలి కదా. జూన్‌లో పిల్లను చేర్పించేటప్పుడు ఆ గ్రూపు ఉందా అని కాలేజీ కౌంటర్లో ఒక్కమాట అడగండి. అడిగేవాళ్లు లేకపోతే సెక్షన్ పెట్టేవాళ్లూ ఉండరు.