చక్రవర్తి పేరు నిలవని పొద

1817 మే నెలలో వియన్నాలో ఒక రాచపెళ్లి జరిగింది. పెళ్లికూతురు ఆస్ట్రియా చక్రవర్తి మొదటి ఫ్రాన్సిస్ కుమార్తె లియోపోల్డీనా. పెళ్లికొడుకు, పోర్చుగల్ యువరాజు డోం పెడ్రో మాత్రం పీటల మీద లేడు. నెపోలియన్ సైన్యానికి భయపడి లిస్బన్ వదిలేసిన ఆ రాజకుటుంబం దాదాపు పదేళ్లుగా అట్లాంటిక్ అవతల రియో డి జనీరోలో కాపురం ఉంటోంది. వరుడి తరఫున పెళ్లికూతురి బాబాయే నిలబడి తంతు కానిచ్చారు. సారె కూడా మామూలుది కాదు. దానితోపాటు వృక్షశాస్త్రజ్ఞులు, జంతుశాస్త్రజ్ఞులు, చిత్రకారులు, ఒక తోటమాలి బ్రెజిల్‌కు ఓడలెక్కారు.

పెళ్లి నెపం, పని వేరు. ఫ్రాన్సిస్ చక్రవర్తికి మొక్కలంటే ప్రాణం. హాబ్స్‌బర్గ్ రాకుమారులు చిన్నప్పుడు తలో చేతిపని నేర్చుకోవాలన్నది ఆ వంశాచారం. ఆయన నేర్చుకున్నది తోటపని. ‘పూల చక్రవర్తి’ అని జనం పిలిచేవారు. బ్రెజిల్ అడవుల్లోని సంపద తన వియన్నా తోటలకూ మ్యూజియానికీ చేరాలని ఆయన కోరిక. ఆ బృందంలో యోహాన్ ఇమాన్యుయేల్ పోల్ అనే బొహీమియా వైద్యుడు ఉన్నాడు. నాలుగేళ్లు బ్రెజిల్ లోపలి ప్రాంతాల్లో తిరిగి, 1821లో పెట్టెలకొద్దీ ఎండుమొక్కలతో, రాళ్లతో తిరిగి వచ్చాడు. బోటొకుడో తెగకు చెందిన ఇద్దరు ఆదివాసులను కూడా వెంట తెచ్చాడు. ఆ కాలపు శాస్త్రయాత్రల్లో మనిషిని కూడా నమూనాగానే చూశారు. ఈ విషయం దాటవేసి పూల గురించి మాత్రమే చెబితే కథ సగమే చెప్పినట్టు.

పోల్ తెచ్చిన మొక్కల్లో ఊదాపూల పొదలు కొన్ని ఉన్నాయి. అవి శాస్త్రానికి కొత్త ప్రజాతి అనుకున్నాడు. ఖర్చు పెట్టిన చక్రవర్తి పేరు మీద వాటికి ‘ఫ్రాన్సిసియా’ అని పేరు పెట్టాడు. 1828కే ఇంగ్లండ్‌లో కర్టిస్ బొటానికల్ మ్యాగజైన్ ఆ పొదల్లో ఒకదాని రంగుల బొమ్మ అచ్చువేసింది. యూరప్ అద్దాల తోటల్లో అదొక వేలంవెర్రి పూలమొక్క అయ్యే సూచనలు కనిపించాయి.

ఆ పొద బంధువులే ఇప్పుడు మన ఇళ్ల ముందు ఉన్నాయి. కడియం నర్సరీల నుంచి హైదరాబాద్ కాలనీల దాకా ‘యెస్టర్‌డే టుడే టుమారో’ అని అడిగితే ఇచ్చేది దీన్నే. మొదటిసారి చూసినవారు ఒకే చెట్టుకు మూడు రకాల పూలు అంటుకట్టారేమో అనుకుంటారు. విచ్చుకున్న రోజు ముదురు ఊదా, మర్నాడు లేత వంగపండు రంగు, మూడోనాటికి తెలుపు. కొత్తవీ పాతవీ కలిసి ఉండటం వల్ల పొద నిండా మూడు రంగులూ ఒకేసారి కనిపిస్తాయి.

దగ్గరగా చూస్తే దీని తీరు బాగా తెలుస్తుంది. నిదానంగా పెరిగే పొద. మనిషెత్తు, వదిలేస్తే 3 మీటర్లు. ఆకులు కొమ్మకు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. కోలగా, అంచుకు గాట్లు లేకుండా, పైన నిగనిగలాడే ముదురాకుపచ్చ, అడుగున వెలసిన రంగు. పువ్వు కింద గొట్టంలాంటి పచ్చటి రక్షకపత్రావళి. అందులోంచి సన్నటి పూగొట్టం పైకి వచ్చి, ఒక్కసారిగా ఐదు గుండ్రటి రేకులుగా పళ్లెంలా పరుచుకుంటుంది. గొట్టం మూతి దగ్గర చిన్న తెల్లటి కన్ను ఉంటుంది. కేసరాలు బయటికి కనిపించవు. గొట్టం లోపలే దాగి ఉంటాయి.

ఆ కేసరాల దగ్గరే పేచీ వచ్చింది. ఇది వంగ కుటుంబం మొక్క. వంకాయ, టమాటా, మిరప, బంగాళాదుంప, పొగాకు, ఉమ్మెత్త, అశ్వగంధ, కామంచి, పొలంగట్ల మీది కుప్పంటి అన్నీ దీని చుట్టాలే. ఇంటర్ బైపీసీలో సొలనేసి లక్షణాలు బట్టీపట్టినవారికి గుర్తుండే ఉంటుంది: రేకులు ఐదు, కేసరాలు ఐదు. ఇక్కడ కేసరాలు నాలుగే, అందులో రెండు పొడుగు, రెండు పొట్టి. ఈ నాలుగు కేసరాల లెక్క చూసే 1846లో జార్జ్ బెంథామ్ లాంటి ఉద్దండుడు కూడా దీన్ని వంగ కుటుంబంలో కాకుండా స్క్రోఫులేరియేసి కుటుంబంలో చేర్చాడు. తర్వాతివారు వెనక్కి తెచ్చారు. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక అనుమానం పూర్తిగా తీరింది. తోటల్లో కుండీలు నింపే పెటూనియా దీనికి దగ్గరి బంధువని తేలింది.

రంగు మారడం సంగతి మరీ విచిత్రం. చాలా పూలు వాడిపోతూ రంగు కోల్పోతాయి. ఇది వాడకుండానే, రేకు బిగువు సడలకుండానే తెల్లబడుతుంది. ఊదా రంగు ఆంథోసయనిన్ అనే వర్ణకానిది. అది ఎండకు వెలిసిపోవడం లేదు, పువ్వే దాన్ని పనిగట్టుకుని విరగ్గొడుతోందని ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు 2005లో చూపించారు. కణాల్లో కొత్త ప్రోటీన్లు తయారుకాకుండా ఆపితే పువ్వు ఊదాగానే ఉండిపోయింది. అంటే రంగును చెరిపే ఎంజైమును పువ్వు స్వయంగా తయారు చేసుకుంటోందన్నమాట. పెరాక్సిడేజ్ జాతి ఎంజైమొకటి ఆ పని చేస్తోందని తర్వాతి పరిశోధనలో తేలింది. రంగు తగ్గుతున్నకొద్దీ పరిమళ ద్రవ్యాలు పెరుగుతాయన్నది మరో సంగతి. బ్రెజిల్‌లో మనాకా-ద-సెర్రా అనే ఇంకో చెట్టు ఉంది. దానికి వంగ కుటుంబంతో సంబంధం లేదు. ఆ పూలు తెల్లగా విచ్చుకుని క్రమంగా ఊదా అవుతాయి. సరిగ్గా దీనికి తలకిందులు!

ఇక చక్రవర్తి పేరు సంగతికి వద్దాం. 1829లో డేవిడ్ డాన్ అనే స్కాట్లండ్ శాస్త్రజ్ఞుడు పోల్ పొదలను పరిశీలించి, ఇవి కొత్తవి కావు, కరీబియన్ దీవుల్లో పూర్వమే పేరు పెట్టిన బ్రన్‌ఫెల్సియా ప్రజాతిలోవే అన్నాడు. వృక్షశాస్త్రంలో ముందు పెట్టిన పేరుదే హక్కు. రాజైనా బంటైనా అదే రూలు. ఫ్రాన్సిసియా పేరు చెల్లకుండా పోయి బ్రన్‌ఫెల్సియా నిలిచింది. ఒక చక్రవర్తిని పక్కకు నెట్టిన ఈ బ్రన్‌ఫెల్స్ ఎవరంటే, మఠం వదిలేసి పారిపోయిన ఒక జర్మన్ సన్యాసి.

ఓటో బ్రన్‌ఫెల్స్ మైన్జ్ నగరంలో పీపాలు చేసే కార్మికుడి కొడుకు. కార్తూసియన్ మఠంలో చేరాడు. లూథర్ సంస్కరణల గాలి సోకి 1521లో బయటపడ్డాడు. స్ట్రాస్‌బర్గ్‌లో బడిపంతులుగా బతికాడు. అక్కడే 1530లో యోహాన్ షాట్ ముద్రణాలయం నుంచి ఆయన మొక్కల గ్రంథం మొదటి భాగం వెలువడింది. అప్పటిదాకా మూలికల పుస్తకాల్లో బొమ్మలంటే నకలుకు నకలు. ఏ మొక్క ఏదో పోల్చుకోవడం దేవుడి తరం. ఈ పుస్తకానికి బొమ్మలు గీసిన హాన్స్ వైడిట్జ్ మాత్రం మొక్కను ఎదురుగా పెట్టుకుని గీశాడు. వాలిన ఆకు వాలినట్టే, పురుగు తిన్న ఆకుకు చిల్లు ఉన్నట్టే. బ్రన్‌ఫెల్స్ రాసిన మాటలు చాలావరకు పాత గ్రీకు, లాటిన్ గ్రంథాల్లోంచి ఎత్తి పెట్టినవే. ప్రాచీన గ్రంథాల్లో పేరులేని అనామక మొక్కలను కూడా చిత్రకారుడు గీసేశాడని ఆయన నొచ్చుకున్నాడు కూడా! నాకైతే ఈ పొదకు వైడిట్జ్ పేరు పెట్టి ఉంటే న్యాయంగా ఉండేదనిపిస్తుంది. 1534లో బెర్న్‌లో నగర వైద్యుడిగా ఉండగా బ్రన్‌ఫెల్స్ చనిపోయాడు. అమెరికా మొక్కలతో ఆయనకు ఏ సంబంధమూ లేదు.

ఆయన పేరును కరీబియన్ పొదకు తగిలించింది మరో సన్యాసి, ఫ్రాన్స్‌కు చెందిన షార్ల్ ప్లూమియే. మాంసం, గుడ్లు, పాలు ఏవీ ముట్టని మినిమ్ శాఖవాడు. బొమ్మలు గీయడం తెలుసు. తరిణె పని మీద పుస్తకం రాసేంత పనితనం ఉంది. రాజు పంపగా 1689 నుంచి మూడుసార్లు కరీబియన్ దీవులకు వెళ్లాడు. 1703లో అమెరికా మొక్కల కొత్త ప్రజాతుల మీద పుస్తకం వేసి, పాతతరం శాస్త్రజ్ఞుల పేర్లు వరసగా పంచిపెట్టాడు. లియోన్‌హార్ట్ ఫుక్స్‌కు ఫుషియా, పియర్ మాన్యోల్‌కు మాగ్నోలియా, ఓటో బ్రన్‌ఫెల్స్‌కు ఈ పొద. ఆ మరుసటేడే పెరూ ప్రయాణానికి బయల్దేరి, స్పెయిన్ రేవులో ఓడ కోసం ఆగినప్పుడు జబ్బుచేసి పోయాడు. ప్లూమియే పేరు మనకు తెలియదనుకుంటాం గానీ, మన గుడుల ప్రాంగణాల్లోని దేవగన్నేరుకు శాస్త్రీయనామం ప్లూమేరియా. అది ఈయన పేరే. 1753లో లినేయస్ ఈ పేర్లను తన గ్రంథంలోకి తీసుకున్నాక ఇక వాటికి తిరుగులేకపోయింది.

ఇంత పంపకం జరిగినా, ఆ మొక్కలను వేల ఏళ్లుగా ఎరిగినవారికి వాటా దక్కలేదు. బ్రెజిల్ ఆదివాసుల్లో దీనికి మనాకా అని పేరు. ఆ పేరు ప్లూమియే పుస్తకం కన్నా 55 ఏళ్ల ముందే అచ్చయింది. డచ్చివారు ఈశాన్య బ్రెజిల్‌ను ఏలిన రోజుల్లో అక్కడ పనిచేసిన విల్లెమ్ పీసో, గేఓర్గ్ మార్క్‌గ్రాఫ్ రాయగా 1648లో వెలువడిన బ్రెజిల్ ప్రకృతి చరిత్రలో మనాకా ఉంది, దాని వేరు గట్టి విరేచనకారి అన్న కబురూ ఉంది. తర్వాతి కాలంలో వాతం నొప్పులకూ, సవాయి రోగానికీ దీని వేరు వాడారు. అప్పట్లో సవాయికి పాదరసమే మందు కాబట్టి దీన్ని ‘మొక్క పాదరసం’ అని కూడా పిలిచారు. 19వ శతాబ్దం చివర ఇది అమెరికా మందుల కంపెనీల జాబితాల్లోకీ ఎక్కింది.

మొత్తం ప్రజాతిని పట్టుదలగా తేల్చినవాడు టిమొతీ ప్లౌమన్. హార్వర్డ్‌లో రిచర్డ్ ఎవాన్స్ షుల్ట్స్ శిష్యుడు. 1970ల్లో దక్షిణ అమెరికా అంతా తిరిగి బ్రన్‌ఫెల్సియాల మీదే డాక్టరేటు చేశాడు. ఎండుమొక్కల అట్టలతో సరిపెట్టుకోలేదు. ఊళ్లలో వైద్యం చేసేవారి దగ్గర కూర్చుని ఎవరు ఏ వేరు ఎందుకు ఇస్తారో రాసుకున్నాడు. పెరూ అమెజాన్‌లో ‘చిరిక్ సనంగో’ పేరుతో ఒక జాతిని వాడతారు. చిరిక్ అంటే వణికించే చలి. తాగితే ఒళ్లంతా చలి, జలదరింపు, తిమ్మిరి. కొలంబియా, ఈక్వడార్ సరిహద్దుల్లో కొఫాన్ తెగవారు వాడే మరో జాతి ఇంకా ఘాటైనది. దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేస్తూ 1973లో ప్లౌమన్ పెట్టిన పేరు బ్రన్‌ఫెల్సియా చిరికాస్పి. చిరికాస్పి అన్నది అక్కడివారు ఆ చెట్టును పిలిచే మాటే. 1703 నాటి సన్యాసి పేరు పక్కన 270 ఏళ్ల తర్వాత ఇలా అడవి మనుషుల మాట చేరింది. ప్లౌమన్ 1989లో 44 ఏళ్లకే కన్నుమూశాడు. ఆయన దక్షిణ అమెరికా బ్రన్‌ఫెల్సియాల గ్రంథాన్ని మిత్రులు సరిదిద్ది 1998లో అచ్చువేశారు.

ఇప్పటి లెక్కలో ఈ ప్రజాతిలో దాదాపు 50 జాతులు. సుమారు సగం దక్షిణ అమెరికావి, సగం క్యూబా తదితర దీవులవి. ఊదాపూలు ఖండం మీదివే. దీవుల జాతుల్లో చాలావాటికి తెల్లటి పొడుగాటి పూలు. రాత్రి పరిమళించి, రెక్కల పురుగులను పిలుస్తాయి. బ్రెజిల్‌లో ఈ ఆకులే తిని బతికే సీతాకోకచిలుక ఒకటుంది. నలుపు మీద పసుపు పట్టీలున్న దాని గొంగళిపురుగులు పొదను బోడి చేసేస్తాయి. విషం తింటున్నామన్న చింత వాటికి లేదు.

మనకు మాత్రం ఆ చింత ఉండాలి. బ్రన్‌ఫెల్సియాలో బ్రన్‌ఫెల్సమిడిన్ అనే పదార్థం ఉంది. అది మూర్ఛలు తెప్పిస్తుంది. గోళీకాయంత పచ్చటి కాయలు కుక్కపిల్లలకు ఆటవస్తువులు. ఈ పొద ఎక్కువగా పెంచే ఆస్ట్రేలియాలో కాయలు, గింజలు తిన్న కుక్కలు వణుకుతూ, గింజుకుంటూ ఆసుపత్రులకు వచ్చిన ఉదంతాలు పశువైద్య పత్రికల్లో ఉన్నాయి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. మూర్ఛను అదుపు చేయడమే వైద్యం. విత్తనాలు అరగక కడుపులో మిగిలి, బాగైందనుకున్న కుక్కకు మళ్లీ తిరగబెట్టవచ్చు.

కాబట్టి పెంచండి, కానీ తెలిసి పెంచండి. సగం నీడ పడే చోటు, నీరు నిలవని మట్టి దీనికి ఇష్టం. సున్నం ఎక్కువున్న నేలలో ఆకులు పసుపెక్కుతాయి. పశువుల ఎరువు, ఆకు కంపోస్టు దండిగా వేయండి. పూత అయిపోగానే కొమ్మలు కత్తిరించండి, కాయలు నిలవనివ్వకండి. ఇంట్లో కుక్క గానీ, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే పసిపిల్లలు గానీ ఉంటే ఇంకో మొక్క చూసుకోవడం మేలు. ఎప్పుడైనా కుక్క నమిలినట్టు అనుమానం వస్తే ఆలస్యం చేయక పశువైద్యుడి దగ్గరికి ఒక కొమ్మ పట్టుకెళ్లండి. నర్సరీ పేరు కాకుండా బ్రన్‌ఫెల్సియా అని చెప్పండి.