సారెపాత్రలమీఁది పేరులు

శాసనమనఁగానే పండితులకు ఱాతికంబమో రాగిఱేకో స్మృతికి వచ్చును. ద్రాక్షారామ భీమేశ్వరాలయమునఁ గంబములమీఁదను గోడలమీఁదను వందలకొలఁది శాసనములు గలవు. వానిలో నఖండదీపమునకు గోవులనో గొఱ్ఱెలనో యిచ్చిన స్త్రీల పేరులును బెక్కులు. వానికి ప్రతులు గొని యచ్చొత్తించి, కాలనిర్ణయము చేసి, వాదోపవాదములు నడపుట యేండ్లనుండి జరుగుచున్నది. ఆంధ్రదేశమున నింటింట నున్న మఱియొక శాసనజాతి యీ గౌరవమునకు నోచుకొనలేదు. పెండ్లికూఁతునకు సారెగా నిచ్చిన కంచు, ఇత్తడి, రాగి పాత్రలమీఁదఁ జెక్కఁబడిన పేరులే యవి. రెండుమూఁడు పదములకు మించవు. ప్రశస్తి లేదు, బిరుదావళి లేదు, తప్పినవారికి శాపము లేదు. అయినను భూమిపత్రములన్నియుఁ బురుషుల పేరనే యుండిన కాలమున, సామాన్యురాలగు గృహిణి పేరు ఆమె సొత్తుమీఁద వ్రాయఁబడిన తావు ప్రాయికముగా నిదియే.

ఇందులకు గోదావరి పశ్చిమపు డెల్టాయందలి పెంటపాడు ప్రాంతము మంచి నిదర్శనము. పెంటపాడు తాడేపల్లిగూడెమునకు దాపునఁ గల గ్రామము; 2022 నాఁటి జిల్లాల విభజన తరువాతను పశ్చిమగోదావరిలోనే నిలిచినది. చుట్టుపట్ల రావిపాడు, కాసిపాడు, ప్రత్తిపాడు మొదలగునవి యుండుటచే నిచ్చటి ‘పాడు’ శిథిలార్థకము గాక గ్రామార్థకమని తేటపడును. ‘పెంట’ యనఁగా నేఁటివారు ముఖము చిట్లింతురు గాని, నల్లమలలోఁ జెంచుల పల్లెలకు నిప్పటికిని బెంటలనియే వ్యవహారము. ఇది ప్రసక్తానుప్రసక్తము.

1847లో నారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు టానకట్ట యీ నేలను మాగాణిగా మార్చినది. వరి పండినది, ధాన్యమువెంట రొక్కము, రొక్కమువెంటఁ బెండ్లి ఘనతయుఁ బెరిఁగినవి. ఏలూరు కాలువ గోదావరినీటిని ఏలూరివఱకుఁ గొనివచ్చి యచ్చటఁ గృష్ణకాలువతోఁ గలియును గావున, 1900లో గోదావరిమీఁద రైలువంతెన యేర్పడుటకు ముందును దరువాతఁ గొంతకాలమును సారెసామాను ధాన్యపు బస్తాలతోఁ బాటు పడవలమీఁదఁ బయనించెడిది. తణుకునకు సమీపమున నున్న అజ్జరము ఇత్తడిపనికిఁ బేరుపడిన యూరు. పాత్రలను వీసెలలెక్కఁ దూఁచి యమ్ముట యానాఁటి వాడుక. వీసెకు నైదు శేర్లు, నలువది పలములు. పాత్రమీఁదఁ దూకముకూడఁ జెక్కింపఁబడియున్నచో నా లెక్క వీసెలలో నున్నదా కిలోలలో నున్నదా యని చూచి 1958-62 నడుమ జరిగిన కొలతల మార్పునకు వెనుకటిదో ముందటిదో చెప్పవచ్చును. లిపిశాస్త్రమున కిది చిన్న తోడ్పాటు కాదు.

సారెలో నేమేమి యుండెడివో చెప్పుటకు గ్రంథ మక్కఱలేదు. నీళ్లు తెచ్చుకొనుటకు బిందె, కాఁచుకొనుటకుఁ గాఁగు, తొట్టివలె నుండు గంగాళము, అన్నము వండుటకు గుండిగ, వార్చుటకు సిబ్బి, కంచుకంచము, మరచెంబు, దీపపుఁ గుందులు, కుంకుమభరిణె. పసుపుకుంకుమలు, పిండివంటలు వీనిలోనే నింపి పంపెడివారు. పిండివంటలు పదిదినములలోఁ జెల్లిపోవును, పాత్ర యేఁబదియేండ్లుండును. పుట్టినింటినుండి వచ్చిన సొమ్ములలో బంగారము పెట్టెలో నుండి పండుగకు మాత్రము వెలికి వచ్చును. బిందె దినదినమును జంకఁ జేరును. ఈ కారణమున నగలకంటె సామానుతోడనే గృహిణి కెక్కువ చనవు.

పేరు చెక్కించుటకు మొదటి హేతువు మమత గాదు, అవసరము. వివాహమునకో యాబ్దికమునకో యూరిలోని గంగాళములును గుండిగలును నొక్కచోటఁ జేరును. వంట ముగిసి తోముటయైన పిదప నొకే మూసలోఁ బోసినట్లున్న పది పాత్రలలో నెవరి దెవరిదో తెలియుట యెట్లు? అంచుమీఁదో మెడక్రిందనో యున్న పేరే సాక్ష్యము. తాకట్టున నుంచిన పాత్రను విడిపించుకొనునపుడును దమ దానికి బదులు తేలికదానిఁ గట్టిపెట్టకుండ నా పేరే కాచును. దీనిని డంబమని యెత్తిపొడుచువారు బంతివంటలు ముగిసిన పెరటిని జూచియుండరు. అవసరముచేఁ బుట్టిన గుఱుతునకుఁ దరువాత జ్ఞాపకము వచ్చి చేరినది. అక్షరములును రెండుతీరులు: ఉలితో గీతగాఁ జెక్కినవి కొన్ని, మొన తాఁకించి చుక్కచుక్కగాఁ గొట్టినవి కొన్ని. చుక్కల యక్షరములలో వలపలగిలకలును, దీర్ఘములును దఱచుగాఁ దప్పిపోవును. అట్టివానిని అపశబ్దములని త్రోసివేయరాదు. ఉచ్చారణ యెట్లుండెనో యవియే చెప్పును.

ఇఁక వ్యాకరణపుఁ జిక్కు. పాత్రమీఁదఁ బ్రాయికముగా నుండునది ప్రథమాంతమైన పేరు. ‘ఫలానావారిది’ యని షష్ఠ్యర్థము గాని, ‘ఫలానావా రిచ్చినది’ యని క్రియ గాని యుండదు. ప్రాతిపదికార్థమాత్రమునఁ బ్రథమ యని పాణిని చెప్పినమాట కింతకన్న స్ఫుటమైన యుదాహరణము దొరకుట కష్టము. సంబంధమును బదము చెప్పదు, పాత్రయే చెప్పవలెను. కావున నా పేరు గ్రహీతదా దాతదా యను సందేహము వచ్చును. ‘చి॥ సౌ॥’ అని ముందున్నచో వధువు పేరని నిశ్చయింపవచ్చును. ఆశీర్వాదమును సంక్షేపించిన యా రెండక్షరములు పెద్దలు పిన్నలకు వ్రాయునవే గాని తమకుఁ దాము వ్రాసికొనునవి గావు. పురుషుని పేరున్నచోఁ దండ్రియో మేనమామయో యని యింటివారి నడుగవలెను. పేరునకుముం దుండు నింటిపేరు పుట్టినింటిదా మెట్టినింటిదా యను విచారము మఱియు ముఖ్యము. పుట్టినింటిదైనచో సారె బయలుదేఱుటకు ముందే చెక్కించిరన్నమాట. మెట్టినింటిదైనచోఁ గాపురమునకు వచ్చినపిదపఁ జెక్కించినది, లేదా వియ్యాలవారి గౌరవార్థము ముందుగనే యట్లు చెక్కించినది. ఒక్క యింటిపేరులో రెండిండ్లనడుమ బేరమంతయు నుండును.

సారె కీదేశమునఁ బ్రాఁతపే రొకటి యరణము. ఇది సంస్కృత హరణమునకుఁ దద్భవము; హకారము లోపించినది. ఎత్తికొనిపోవుట, కొనిపోయి యిచ్చుట యను రెండర్థములును నా ధాతువునకుఁ గలవు. సుభద్రను దోడ్కొనిపోయినపిమ్మటఁ గృష్ణాదు లరణము గొనిపోయిన కథకు భారతాదిపర్వమున హరణాహరణమని యుపపర్వమే యేర్పడినది. అమరసింహుఁడు హరణమునకు సుదాయమును బర్యాయముగాఁ జెప్పెను. బడిలో నమరము వల్లించినవారందఱు నీ రెండుపదములను నొక్కయూఁపున నుచ్చరించియే యుందురు. అందు సుదాయము సౌదాయికమై ధర్మశాస్త్రముఁ జేరినది. హరణము అరణమై తెలుఁగింటిలో నిలిచినది.

సౌదాయికమునుగూర్చి కాత్యాయనుఁడు చెప్పిన విషయము గమనింపఁదగినది. కన్యకుఁ గాని వివాహితకుఁ గాని పుట్టినింటఁ గాని మెట్టినింటఁ గాని బంధువులు దయతో నిచ్చినదానియందు ఆమెకు స్వాతంత్ర్యము గలదు. కారణ మేమనఁగా, దయతో నిచ్చుటయే. ప్రీతి యొక్కటియే స్వామ్యమునకు మూలమని యొప్పుకొన్న చోటు ధర్మశాస్త్రమున నిది. మనువు తొమ్మిదవ యధ్యాయమున స్త్రీధన మాఱువిధములని చెప్పి, భర్త జీవించియుండఁగా స్త్రీ ధరించిన యలంకారమును దాయాదులు పంచుకొనరాదనెను. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుఁడు రచించిన మితాక్షర స్త్రీధనమున కింకను విశాలముగా నర్థము చెప్పినది. దానిని దెలుఁగువారికిఁ బద్యములలో నందించినవాఁడు తిక్కనసోమయాజి కాలమువాఁడగు మూలఘటిక కేతన. విజ్ఞానేశ్వరీయ మాతని కృతి. ధరించిన నగకు మనువు చెప్పిన న్యాయము జంకనెత్తిన బిందెకును జెల్లునా యను ప్రశ్న వచ్చును. ధరించుట యనఁగా నొడలిమీఁద నుంచుకొనుటయే యైనచోఁ జెల్లదు. నిత్యమును దనదిగా వాడుకొనుట యైనచోఁ జెల్లును. ఇండ్లలో జరిగిన పంపకములను జూచినచో రెండవ యర్థమే యాచారసిద్ధమని తోఁచును. అన్నదమ్ములు వేఱుపడినపుడు కోడండ్ర సారెపాత్రలు పంపకపుఁ గుప్పలోఁ జేరకుండుట పెద్దమనుష్యు లెఱిఁగిన మర్యాద. వాదము వచ్చినచోఁ బాత్రను వెల్లకిలఁ ద్రిప్పి పేరు చదివెడివారు.

లోహపాత్రములకు లిఖితము తోడగుట క్రొత్తది గాదు. తంజావూరి బృహదీశ్వరాలయపు గోడలమీఁద రాజరాజచోళుఁడును ఆయన యక్క కుందవయు నిచ్చిన పాత్రలును నగలును దూకముతో సహా చెక్కఁబడియున్నవి. ఆ రాజరాజు కూఁతురును గుందవయే. ఆమె యేలూరిచెంత నున్న వేంగికిఁ గోడలై, విమలాదిత్యునకు భార్యయై, నన్నయభట్టున కాశ్రయుఁడగు రాజరాజనరేంద్రునిఁ గనినది. మేనత్త దేవున కిచ్చిన పళ్లెముల తూకము ఱాతిమీఁద నున్నది. అక్కడ లేఖనము దాన మిచ్చినవారి కీర్తికై. పెంటపాటి గంగాళముమీఁదిది పుచ్చుకొన్నదాని హక్కునకై.

జ్ఞాపకముమాట కొంత చెప్పవలసియున్నది. ఇంటిలోని ముసలమ్మల కీ పాత్రలు వస్తువులపేర నుండవు, మనుష్యులపేర నుండును: ‘అన్నయ్య గంగాళము’, ‘మేనత్త కంచము’, ‘అమ్మ కాఁగు’. పురుటికిఁ బుట్టినింటికిఁ బోయినపుడు గొనితెచ్చినది, కఱవుకాలమునఁ దాకట్టు పెట్టి మూఁడేండ్లకు విడిపించినది, తోడికోడలితో మాటపట్టింపు వచ్చి తిరిగియడిగి తెచ్చుకొన్నది, ఇట్లు ప్రతిదానికి నొక కథ. సొట్టకును గథ గలదు. కళాయి వేయువాఁడు వచ్చినపుడు లోపలఁ బూఁత వేయించుటయే గాని, పైని సొట్ట తీయింపనొల్లని గృహిణులు గలరు. 1953లోను 1986లోను గోదావరికి వచ్చిన పెనువరదలవంటి యాపదలలోఁ గాగితములు నానిపోవును, తాళపత్రములు బురదపాలగును. ఇత్తడి మాత్రము బురద కడిగినఁ జదువవచ్చును. కొల్లేటిగట్టున నుండువారికి వరదయనఁగా నేమో చెప్పనక్కఱలేదు. వారి యిండ్లలో సామాను ముం దటుకెక్కును.

పాత్రకు వచ్చిన యసలు ముప్పు నీరు గాదు, తరాసు. 1898లో మద్రాసు చిత్రకళాపాఠశాలయందు ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అల్యూమినియపు పాత్రలు చేయించుట మొదలిడెను. జనులు వానిని సత్తుగిన్నెలనిరి. తేలిక, చౌక, కళాయి యక్కఱలేదు. తరువాత స్టీలు వచ్చినది. కట్టెపొయ్యి పోయి గ్యాసుపొయ్యి వచ్చుటతో మందపు టడుగుల గుండిగలకుఁ బనిలేకపోయినది. కొళాయి వచ్చుటతో బిందె మూలఁబడినది. ప్రాఁతసామానుకొట్టువాఁడు ఇత్తడికి నేఁటిధర కట్టును, పేరునకుఁ గట్టఁడు. కొలిమిలోఁ బడిన మూఁడు గడియలలో మూఁడు తరముల పేరులు గలిసి యొక్కముద్ద యగును. రాగిశాసనమును గరఁగించినవానిని బండితులు బర్బరుఁడందురు. ఇత్తడిబిందెను గరఁగించుటకుఁ దమ యింటివారికే వారు సెలవిత్తురు.

వింత యేమనఁగా, పాత్రలు కొలిమి కెక్కుచున్న కాలముననే యా పేరులకుఁ జట్టమునఁ జోటు దొరకినది. హిందూ వారసత్వ చట్టము 1956లో వచ్చి, స్త్రీ చేతనున్న యాస్తికి నామెను సంపూర్ణ స్వామినిగాఁ జేసినది. వరకట్న నిషేధచట్టము 1961 నాఁటిది. దాని ననుసరించి 1985లో నేర్పడిన నియమములు, వధూవరుల కిచ్చిన కానుకలకుఁ బట్టిక వ్రాయవలెననియు, వస్తువేమో, వెల యెంతో, ఇచ్చినవా రెవరో, వారికిఁ జుట్టఱిక మేమో యందుఁ జూపవలెననియు విధించినవి. ఆ సంవత్సరముననే ప్రతిభారాణి వ్యాజ్యెమున సర్వోన్నతన్యాయస్థానము, స్త్రీధనము అత్తవారి చేతిలో నుండినంతమాత్రమున వారిది గాదని తీర్పు చెప్పినది. ఈ పట్టిక వ్రాయు కుటుంబములు మిక్కిలి యరుదు. వస్తువు, పేరు, చుట్టఱికము, ఈ మూఁటిని గంచరి యులి యంతకుముందే వ్రాయుచుండెను; అది వ్రాసిన పట్టిక వస్తువునుండి విడిపోవుటకు వీలుగూడ లేదు. కట్నము వేఱు, అరణము వేఱు. అడిగి పుచ్చుకొన్నదానిమీఁద నెవ్వరును బేరు చెక్కింపలేదు.

కొన్ని యిండ్లలోఁ బ్రాఁతపాత్రనే మనుమరాలికి సారెగా నిచ్చుట యున్నది. అప్పుడు మొదటిపేరును జెఱపక దానిక్రింద రెండవపేరు చెక్కింతురు. మీఁదిది చింతపండును బూడిదయుఁ గొబ్బరిపీచును నేండ్లతరబడి రాపాడుటచే నరిగియుండును. ఎండలో నేటవాలుగాఁ బట్టినఁ గొంత చదువవచ్చును, మిగిలినది వ్రేలితోఁ దడవి తెలిసికొనవలెను. క్రిందిది విద్యుల్లేఖినితో వ్రాసినది, సన్నని గీఁత, లోఁతు తక్కువ. పైపేరునకు ముందు ‘చి॥ సౌ॥’ ఉండును. క్రిందిపేరునకు ముందు నింటిపేరు మొదటి యక్షరము మాత్రమే యుండును, అదియుఁ బెక్కుతావుల నాంగ్లలిపిలో.