మంచుకొండలపై బాణీ

ఒకే కీర్తనను ఇద్దరు విద్వాంసులు పాడుదురు. స్వరములు అవియే, తాళము అదియే. అయినను రేడియో ముందు కూర్చున్న శ్రోత, పేరు చెప్పకముందే పాడువారెవరో గుర్తించును. దీనినే మనము బాణీ యందుము. దేహబలముపై ఆధారపడిన క్రీడలకును బాణీ కలదా? స్నోబోర్డు క్రీడాచరిత్రను పరిశీలించిన, కలదనియే మేము తలంచుచున్నాము.

1965వ సంవత్సరమున క్రిస్మసునాడు, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున షెర్మన్ పాపెన్ అను నతడు తన కుమార్తెల వినోదమునకై రెండు స్కీ పలకలను ఒకటిగా బిగించెను. దానిపై నిలిచి మంచుదిబ్బలపై జారుట పిల్లలకు ఆట యయ్యెను. 1977లో జేక్ బర్టన్ కార్పెంటర్ వెర్మాంట్ రాష్ట్రమున ఇట్టి పలకల తయారీకి పూనుకొనెను. ఈ క్రీడలో రెండు పాదములను ఒకే పలకకు బంధించుకొని, ప్రక్కకు తిరిగి నిలువవలెను. చేత ఊతకఱ్ఱలు ఉండవు. కావున మోకాళ్ల వంపు, భుజముల పొందిక, చేతుల కదలిక చూపరులకు స్పష్టముగా కనబడును, తొట్రుపాటు దాగదు.

ఇట్టి పలకపై తొణకని నిలుకడకు పేరుపొందినవాడు 1966లో జన్మించిన క్రెయిగ్ కెల్లీ. ఆయన నాలుగు పర్యాయములు ప్రపంచ విజేత యయ్యెను. అయినను 1990 దశకపు తొలి సంవత్సరములలో, కీర్తి తగ్గకముందే పందెములను విడిచి, జనసంచారములేని కొండవాలులను ఆశ్రయించెను. ఆయన విహారములను చలనచిత్రములలో చూచి యువకులు ఆ నిలుకడను అభ్యసించిరి.

కెల్లీని ఆదర్శముగా గొన్నవారిలో నార్వే దేశీయుడు టెర్యే హోకన్సన్ ముఖ్యుడు. గాలిలో తలక్రిందులై తిరుగు ఒక విన్యాసము నేటికిని ఆయన పేర హోకన్ ఫ్లిప్ అని పిలువబడుచున్నది. 1998లో జపాను దేశమందలి నాగానోలో స్నోబోర్డు తొలిసారిగా ఒలింపిక్ క్రీడలలో చేరెను. ఆ క్రీడ నిర్వహణను స్నోబోర్డు క్రీడాకారుల సమాఖ్యకు గాక, స్కీ సమాఖ్యకు అప్పగించిరి. అందులకు నిరసనగా హోకన్సన్ పాల్గొన నిరాకరించెను. పురుషుల హాఫ్‌పైపు స్వర్ణపతకమును స్విట్జర్లాండు యువకుడు జియాన్ సిమ్మెన్ గెలుచుకొనెను. పతకము న్యాయముగ గెలిచినవానిదే. హోకన్సన్ దానిని ఎన్నడును పొందలేదు. అయినను ఆయన పేరు గల విన్యాసమును తరువాతి తరములవారు నేర్చుకొనుచునే యున్నారు.

కెల్లీ కథ విషాదాంతము. పర్వత మార్గదర్శకుడగుటకు శిక్షణ పొందుచు, 2003 జనవరి 20న కెనడాలోని రెవెల్‌స్టోక్ పట్టణ ప్రాంతమున హిమపాతమునకు లోనై, 36వ యేట మరణించెను. మరి ఆరుగురును ఆయనతోబాటు అసువులు బాసిరి. కొండ ప్రతిభను చూచి కనికరింపదు. కెల్లీ ఎంచుకొన్న మార్గమున స్వేచ్ఛ ఎంతో, అపాయమును అంతే.

విజయములను పట్టికలు భద్రపరచును. బాణీని భద్రపరచునవి మాత్రము దానిని చూచి నేర్చినవారి దేహములే. ఒక గాయకుని గమకము శిష్యుని కంఠమున వినబడునట్లు, నేడేదో మంచువాలుపై ఒక బాలుడు భుజములు సడలించి మలుపు తిరుగునపుడు, తానెన్నడు చూడని కెల్లీ నడకయే అందు కొంత కనబడుచుండును.