ప్లేగు సెలవుల్లో న్యూటన్

1665లో లండన్‌ను కబళించిన ప్లేగు కేంబ్రిడ్జికీ పాకడంతో విశ్వవిద్యాలయం మూతపడగా, ఆ ఏడాదే బి.ఏ. పట్టా పుచ్చుకున్న ఐజాక్ న్యూటన్ లింకన్‌షైర్‌లోని స్వగ్రామం వుల్స్‌థార్ప్‌కు చేరి, 1666లో కొద్ది నెలలు మినహా 1667 ఏప్రిల్ వరకు అక్కడే గడిపాడు. మతాచార్యుడైన మారుతండ్రి దైవశాస్త్ర విషయాలు రాసుకోవడం మొదలుపెట్టి, చాలావరకు ఖాళీగా వదిలేసిన పెద్ద పుస్తకం ఒకటి అతనికి దక్కింది; ఆ తెల్ల పుటలను గణితంతో నింపుతూ వచ్చిన న్యూటన్, 1666 అక్టోబరులో ‘ఫ్లక్షన్ల’ పద్ధతిని, అనగా నిరంతరం మారే రాశుల మార్పు వేగాన్ని లెక్కగట్టే, నేటి కలన గణితానికి మూలమైన విధానాన్ని, ఒక వ్యాసంగా కూర్చాడు. అయితే ఇదంతా పల్లె ఏకాంతం ప్రసాదించిన వరమనడం అతని శ్రమను తక్కువ చేయడమే: 1664లోనే కేంబ్రిడ్జిలో గణితవేత్తలు దెకార్త్, వాలిస్‌ల గ్రంథాలను అతను పట్టుదలతో చదివి ఉన్నాడు, ఆ సెలవుల్లోనే పుట్టిందని చెప్పుకొనే గురుత్వాకర్షణ సిద్ధాంతం పూర్తిరూపం దాల్చి ‘ప్రిన్సిపియా’ గ్రంథంగా వెలువడటానికి 1687 దాకా పట్టింది.