బస్సు ముందు నిమ్మకాయ, సీటు కింద గ్యాసు బండ

2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై స్టేషను యార్డులో నిలిపి ఉంచిన ఒక యాత్రికుల రైలు పెట్టె తగలబడి 9 మంది చనిపోయారు. లక్నో నుంచి బయల్దేరి, వేర్వేరు రైళ్ళకు తగిలించుకుంటూ దక్షిణాది క్షేత్రాలన్నీ తిరుగుతున్న పెట్టె అది. దొంగచాటుగా తెచ్చిన గ్యాసు సిలిండరే మంటలకు కారణమని దక్షిణ రైల్వే ప్రకటించింది. పొద్దున్నే టీ కాచుకుందామని పొయ్యి వెలిగించారట.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మన చుట్టూ రెండు మాటలు వినిపిస్తాయి. దైవదర్శనానికి వెళుతూ పోయారు కనుక పుణ్యాత్ములని ఒకరంటారు. ఎంత రాసిపెట్టి ఉంటే అంతేనని ఇంకొకరంటారు. అసలు ఎందుకు అంటుకుంది అని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ.

పడమటి దేశాల్లో కారు వెనక చక్రాల ఇల్లు తగిలించుకుని ఊళ్ళు తిరుగుతారు. అందులో వంటంతా ప్రొపేన్ గ్యాసు మీదే. మనకు ఆ ఇళ్ళు లేవు గానీ యాత్రా బస్సులున్నాయి. మన సాక్చి నుంచి పూరీకో, దేవఘర్‌కో, తిరుపతికో బయల్దేరే బస్సు ముందు నిమ్మకాయ, మిరపకాయలు కడతారు, కొబ్బరికాయ కొడతారు. వంట సామానుతో పాటు గ్యాసు బండను ఏ సీటు కిందో పడుకోబెడతారు.

ఈ గ్యాసు చరిత్ర మన ఊరి చరిత్రంత పాతది. సాక్చి అనే పల్లె పక్కన పెట్టిన కర్మాగారంలో 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు తయారైంది. ఆ సాక్చికే 1919లో జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. అమెరికాలో వాల్టర్ స్నెల్లింగ్ అనే రసాయన శాస్త్రవేత్త, పెట్రోలు ఎందుకు ఊరికే ఆవిరైపోతోందో తేల్చబోయి ప్రొపేన్‌ను వేరుచేశాడు. అది మొదటిసారి ఒక ఇంటి పొయ్యికి చేరింది కూడా 1912లోనే. మన దేశంలో బర్మాషెల్ కంపెనీ 1955లో బొంబాయిలో వంటగ్యాసు అమ్మకం మొదలుపెట్టింది. 1965లో ఇండేన్ మొదటి కనెక్షను కలకత్తాలో ఇచ్చారు.

మన బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. గాలి అణుభారం సగటున 29. ప్రొపేన్‌ది 44, బ్యూటేన్‌ది 58. అంటే ఈ గ్యాసు గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నీళ్ళలా కిందికి దిగి నేలబారున పాకుతుంది. అందుకే చక్రాల ఇళ్ళలో సిలిండరు అరకు అడుగున రంధ్రాలు పెడతారు. లీకైన గ్యాసు రోడ్డు మీదికి జారిపోవాలని. మన బస్సు నేలకు ఆ సౌకర్యం లేదు. కిటికీలు తీసి ఉంచినా కింద చేరిన గ్యాసు పూర్తిగా బయటికి పోదు.

రక్షణశాఖ లెక్కల్లో ఉద్యోగం చేసినవాణ్ణి కనుక ఒక చిన్న లెక్క వేస్తాను. గాలిలో సుమారు 2 శాతం గ్యాసు కలిస్తే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. బస్సు లోపలి జాగా 50 ఘనమీటర్లనుకుంటే, 2 శాతం అంటే 1 ఘనమీటరు. బరువులో దాదాపు 2 కిలోలు. బండలో ఉండేది 14.2 కిలోలు. ఏడో వంతు లీకైనా బస్సంతటికీ సరిపోతుంది. నేల దగ్గరే చేరుతుంది కాబట్టి అంత కూడా అక్కర్లేదు.

వాసన వస్తే తెలుస్తుంది కదా అంటారు. ఆ వాసన గ్యాసుది కాదు, మనుషులు కలిపింది. 1937 మార్చి 18న టెక్సాస్‌లోని న్యూ లండన్ అనే ఊళ్ళో, వాసన లేని సహజవాయువు లీకై బడి పేలిపోయింది. దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతే గ్యాసుకు వాసన కలపాలని అక్కడ చట్టం చేశారు. పిల్లల కర్మ అని సరిపెట్టుకుని ఉంటే ఈ రోజు మన వంటింట్లో ఆ హెచ్చరిక ఉండేది కాదు.

వాసన పట్టివ్వలేని శత్రువు ఇంకొకటుంది, కార్బన్ మోనాక్సైడ్. మూసిన బండిలో చలికి పొయ్యి గానీ, బోర్సి గానీ వెలిగిస్తే అది పుడుతుంది. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ సంగతి మన ఊరివాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసులో అయిదో వంతుకు పైగా ఉండేది అదే. డ్యూటీలో దానికి భయపడే మనిషి యాత్రలో ఎందుకు మరిచిపోవాలి?

చెయ్యవలసినవి కష్టమైనవేం కావు. మనుషులు కూర్చునే బండిలో సిలిండరు పెట్టకండి. రైల్లోకి తీసుకెళ్ళడం 1989 రైల్వే చట్టం 164వ సెక్షను కింద నేరం, మూడేళ్ళ దాకా జైలు. వంట దిగిన చోట ఆరుబయట చేసుకోండి. బండ నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే గ్యాసుకు బదులు ద్రవం వస్తుంది, అది సుమారు 250 రెట్లు వ్యాపించి మంట ఎగదన్నుతుంది. లీకుందేమో సబ్బునీళ్ళతో చూడండి, అగ్గిపుల్లతో వద్దు. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటరు కట్టేసి, అందర్నీ దూరంగా దించి, 1906కు ఫోను చెయ్యండి.

నిమ్మకాయ కట్టుకునేవాళ్ళు కట్టుకోనివ్వండి, దాని మీద వాదన మరోసారి పెట్టుకుందాం. బస్సు కదిలే ముందు మాత్రం వంగి సీట్ల కింద ఒకసారి చూడమనండి.